పై మెట్ల మీద అనుమానం

ఆయన పోయారని మొన్న మంగళవారం మధ్యాహ్నం వాట్సాప్‌లో వచ్చింది. నేను నమ్మలేదు. పంపినతనికి ఫోన్ చేసి, ఎవరు చెప్పారని అడిగాను. ఆ చెప్పినాయనకు చేశాను. మూడో మనిషి "పొద్దున నేనే చూసొచ్చానండీ" అన్నాక కూడా, "దగ్గర్నుంచి చూశారా?" అన్నాను. అవతల ఫోన్ పెట్టేశారు. చావు కబురును ఇలా గిల్లి చూడటం మర్యాద కాదని నాకూ తెలుసు. కానీ ఆ పరీక్ష నేర్పింది ఆయనే. మొదటి ఫోన్‌కే నమ్మి కూర్చున్నానని తెలిస్తే, నా చదువు మీద ఆయనకున్న కాస్త గౌరవం కూడా పోయేది.

మా పరిచయం ఒక సింథసైజర్ వల్ల. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. అది హార్మోనియానికి కరెంటు పెట్టినట్టుండే వస్తువు. మీటలు తిప్పితే ఒకే మెట్టు ఈలలాగా, తేనెటీగలాగా, దూరంగా పోతున్న రైలులాగా పలుకుతుంది. నేను ఒంగోలులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. సంగీతంతో నా సంబంధం పరీక్ష హాల్లో పిల్లల కాళ్ల తాళం వినడం వరకే. కానీ చిన్నప్పుడు మా ఊరి టెంటు హాల్లో, సినిమా మొదలయ్యే ముందు ముడతల ఎర్ర సిల్కు తెర మెల్లగా పైకి లేచేటప్పుడు ఒక సాగే సంగీతం వేసేవాళ్లు. సినిమాలు మర్చిపోయాను. ఆ శబ్దం మర్చిపోలేదు. అది సింథసైజర్‌దని నలభై మూడో ఏట తెలిసింది. అప్పట్నుంచీ దాన్ని నా వేలితో పలికించాలని కోరిక.

వేసవి సెలవుల్లో కొనకపోతే ఇక కొననని నా గురించి నాకు తెలుసు. మా ఆవిడకు ఇంకా బాగా తెలుసు. "కొనుక్కోండి. మంచం కింద ఇప్పట్నుంచే చోటు చేస్తాను" అంది. నా బడ్జెట్ చెబితే అమ్మేవాళ్లు బొమ్మల షాపుకి దారి చూపించారు. పాత శబ్దం, తక్కువ ధర, అందులోనూ వాయించడం రానివాడికి. సెకండ్‌హ్యాండ్ తప్ప దారి లేదు. సెకండ్‌హ్యాండ్ అంటే మోసం, మోసం పట్టాలంటే ఆయన దగ్గరికి వెళ్లాలి అని అందరూ అన్నారు.

ఒంగోలు నుంచి పర్చూరు దాకా ఏ చర్చిలో కీబోర్డు కొన్నా, ఏ పెళ్లి ఆర్కెస్ట్రా వాళ్లు పాతది మార్చినా, ఆయన వచ్చి చూసి ఊఁ అంటేనే బేరం. నలభై ఏళ్లు పొగాకు వేలం కేంద్రాల్లో ఒక వ్యాపారి తరఫున ఆకు గ్రేడు చూసిన మనిషి. ఆదివారాలు చర్చిలో కీబోర్డు, సీజన్‌లో ఆర్కెస్ట్రా. నేను వెళ్లేనాటికి ఆకు పని మానేశారు. వేళ్లు మొరాయిస్తున్నాయని చర్చిలో వేరే అతన్ని కూర్చోబెట్టారు. ఇక మిగిలింది ఆయన మాట ఒక్కటే. జనం ఇంకా ఆయన పేరు చివర గారు తగిలిస్తున్నారంటే, ఇంకా బండి పంపి పిలిపించుకుంటున్నారంటే, ఆ మాట కోసమే.

మొదటి రోజు ఆయన నన్నే గ్రేడు చేశారు.

"ఎందుకండీ మీకు?"

"నేర్చుకుందామని, బాబాయిగారూ."

"అది అందరూ చెప్పేదే. నిజం చెప్పండి."

ఎర్ర తెర సంగతి చెప్పాను. చాలాసేపు నా ముఖంలోకి చూశారు. "అబద్ధమైతే ఇంతకంటే బాగా చెప్పేవారు" అని లోపలికి రమ్మన్నారు.

ఆయన దేన్నీ బాగుంది అనగా నేను వినలేదు. కాఫీ బాగుంటే "తాగచ్చు" అనేవారు. కీబోర్డు మంచిదైతే "పర్లేదు, తీసుకోండి" అనేవారు. వాళ్ల మనవరాలు తనకు పదో తరగతిలో మంచి మార్కులొచ్చాయని ఇంటికొచ్చి చెబితే, "మళ్లీ ఒకసారి చూసుకోమన్నావా?" అన్నారట.

వాద్యాన్ని చూసే పద్ధతి కూడా పొగాకు పద్ధతే. ముందు వాసన. కీబోర్డు మూలన ముక్కు ఆనించి, "ఇది గుంటూరులో మిరపకాయల కోల్డ్ స్టోరేజీ పక్కన ఉన్న సరుకు" అనేవారు. అమ్మేవాడు అవునని ఒప్పుకుని, ఎలా తెలిసిందని ఆశ్చర్యపోయేలోపు ఆయనా నేనూ తుమ్మేవాళ్లం. నడిమి మెట్లు ముట్టుకునేవారు కాదు. "నడిమియి అందరూ నొక్కుతారండీ, అమ్మేవాడు కూడా అయ్యే తుడిచి పెడతాడు. పొగాకు బేలు పైన మంచి ఆకు పెట్టినట్టు. చెయ్యి లోపలికి పోవాల." అందుకని అడుగు మెట్లు, పై మెట్లు. ఇంకో సూత్రం కూడా ఉండేది. చెయ్యి ఆకులో ఉండాలి, కన్ను మనిషి మీద ఉండాలి. "చెయ్యి పాడాకు దగ్గరకి పోయేసరికి రైతు కనురెప్ప కదులుద్దండీ. ఎంత గట్టోడైనా సరే. ఆకును కాదు, ఆ రెప్పను చూసే నేను గ్రేడు రాసేది."

శబ్దాలకు ఆయన భాష వేరు. ఇంటర్నెట్‌లో పాత సింథసైజర్ల ధ్వని వెచ్చగా ఉంటుందని రాస్తారని చెబితే, అరచెయ్యి తిప్పి ఒకదాని పెట్టె మీద ఆనించి చూసి, "వెచ్చగా ఉంటే లోపల ఏదో కాలతందని అర్థం" అన్నారు. కొత్త కీబోర్డుల్లో రెట్రో అని ఒక బటన్ ఉంటుంది. అది నొక్కించి విని, "రంగేసిన మిరపకాయ" అన్నారు. కొన్నిటికి "పచ్చిగా ఉందండీ, క్యూరింగ్ కాలా" అనేవారు. నవ్వొచ్చేది గానీ, నాకు కావలసిన శబ్దం ఏదో ఆ మాటల్లోనే మొదటిసారి అర్థమైంది. పొగాకు ఆరబెట్టే బ్యారన్‌లో అన్ని రోజులూ సన్నటి వేడికి మగ్గి, పచ్చదనం పోయి, పసుపు తిరిగిన ఆకు. నా ఎర్ర తెర శబ్దం అదే రంగు.

కీబోర్డులోకి చీమలు, బొద్దింకలు రాకుండా పెట్టెలో పొగాకు కాడలు పెట్టమని నాలుగు పొట్లం కట్టి ముందే ఇచ్చారు. వస్తువు ఇంకా రాలేదు గానీ కాడలు వచ్చాయి. మా ఆవిడ బీరువాలో వాసన పట్టి, "సంగీతం అని చెప్పి ఏం మొదలెట్టారు?" అని అడిగింది. మా ఇంట్లో అప్పటికి అందరం అందరినీ అనుమానించే దశకు చేరుకున్నాం.

ఎందుకంటే ఏదీ కుదరడం లేదు. ఆ ఏప్రిల్, మే నెలల్లో మేము చూసినవి పది దాకా ఉంటాయి. అద్దంకి బస్టాండ్ దగ్గర మొబైల్ షాపులో ఒకటి. గుంటూరులో ఆర్కెస్ట్రా మానేసి కర్రీ పాయింట్ పెట్టుకున్నాయన దగ్గర ఒకటి. పర్చూరులో రిటైరైన డ్రిల్లు మాస్టారి దగ్గర ఒకటి. వెళ్లడం, వాసన చూడటం, అడుగు మెట్లు సరే అనడం, పై మెట్ల దగ్గరకొచ్చేసరికి ఆయన ముఖం ముడుచుకోవడం. "పై మెట్లు పోయినయ్." అంతే, చెప్పులేసుకోవడం.

కర్రీ పాయింట్ ఆయనకి కోపం వచ్చింది. "ఏం పోయినయండీ? నిన్న కూడా మా బావమరిది వాయించాడు!"

"మీ బావమరిది చెవులు చూపించుకోమనండి."

"నా కీబోర్డు చూడ్డానికొచ్చారా, మా బావమరిదికి వైద్యం చేయడానికొచ్చారా?"

బయటికొచ్చాక నేను మెల్లగా అన్నాను. "నాకు బాగానే వినపడ్డట్టుంది, బాబాయిగారూ."

"వినపడ్డట్టుంది అన్నారు చూడండి. వినపడింది అన్లేదు. అదీ తేడా."

వాదించడానికి నా దగ్గర ఏముంది? సరిగమలు వరసగా నొక్కడం రానివాణ్ణి. కానీ అనుమానం మొదలైంది. ఎవరి దగ్గరో కమీషన్ మాట్లాడుకుని, మంచివన్నీ వద్దనిపించి, చివరికి అక్కడికి తీసుకెళతారేమో. లేకపోతే నేను కొంటే తనకు తోడు ఉండదని కొననివ్వడం లేదేమో. ఆ రోజుల్లో ఆయన నన్ను ప్రతిచోటికీ తీసుకెళ్లడం మొదలుపెట్టారు. నా కోసం కాని బేరాలకి కూడా. "మాస్టారు రావాల" అని పట్టుబట్టేవారు. పక్కన నిలబడితే ఊరుకునేవారు కాదు, ఎదురుగా నిలబడాలి. మెట్లు కూడా నన్నే నొక్కమనేవారు. "మీరు నొక్కండి, నేను వింటా." నా చదువు మీద గౌరవం అనుకున్నాను. చదువుకున్నవాళ్లకి ఇలాంటివి తొందరగా తోస్తాయి.

వాయించడం రాలేదు గానీ అనుమానించడం బాగా పట్టుబడింది. పై మెట్టు నొక్కేటప్పుడల్లా, ఇది కూడా పోయిందంటారేమో అని ముందే కనుబొమలు ముడిచేవాణ్ణి. ఆయన నన్ను చూసి ముడిచేవారు. నేను ఆయన్ని చూసి ఇంకా ముడిచేవాణ్ణి. అమ్మేవాళ్లు మా ఇద్దర్నీ చూసి ధర తగ్గించేవాళ్లు. అయినా కొనేవాళ్లం కాదు.

సెలవులు ఇంకో వారంలో అయిపోతాయనగా చీమకుర్తి వెళ్లాం. అక్కడ గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో సూపర్‌వైజర్, రాజస్థాన్ ఆయన, ఊరికి తిరిగి వెళ్లిపోతూ తమ్ముడి సింథసైజర్ అమ్ముతున్నాడు. ముప్పై ఏడు మెట్ల చిన్నది. పెట్టె మీద తెల్ల ధూళి, మీటలు రెండు విరిగి అగ్గిపుల్లలు గుచ్చి ఉన్నాయి. భోజనాల వేళ, రంపాలు ఆపారు. ఆయన వాసన చూశారు. "రాయి" అన్నారు. అది తిట్టు కాదు.

నేను అడుగు మెట్టు నొక్కాను. ఎర్ర తెర లేచింది.

అంతకంటే చెప్పలేను. మెల్లగా, సాగుతూ, చివర కొద్దిగా వణుకుతూ. నచ్చిన వస్తువు ముందు నచ్చినట్టు కనపడకూడదని ఆయన నేర్పింది గుర్తొచ్చి, ఫీజు కట్టని పిల్లల పేర్లు చదివేటప్పటి ముఖం పెట్టాను. "పైకి పోండి" అన్నారు ఆయన, ఎదురుగా నిలబడి. స్థాయి పెంచే బటన్ నొక్కి, పై మెట్టు మీద వేలు వేశాను. సరిగ్గా అప్పుడు తలుపులోంచి గాలి వీచి, కంట్లో రాతి నలుసు పడింది. ముఖమంతా వంకరపోయింది.

"ఆపండి" అన్నారు ఆయన. "పై మెట్లు పోయినయ్."

"ఏం పోయింది సార్?" అన్నాడు సూపర్‌వైజర్. "టింగ్ అంటుంది కదా!"

టింగ్ అంది. నిజంగానే అంది. రంపాలు ఆగిన ఆ గదిలో స్టీలు గ్లాసు మీద చెంచా తగిలినట్టు స్పష్టంగా అంది. ఆయనకు, దానికి రెండడుగుల దూరం లేదు.

నేను కన్ను తుడుచుకున్నాను. దాని పక్క మెట్టు నొక్కి, ముఖాన కావాలని చిన్న నవ్వు పెట్టాను. ఆయన నా ముఖం చూశారు. "ఆఁ, ఇది నయం" అన్నారు.

అప్పుడు అర్థమైంది. ఆర్కెస్ట్రా స్పీకర్ల పక్కన అన్నేళ్లు కూర్చున్న మనిషి. మాట వినపడుతుంది, అడుగు మెట్లు వినపడతాయి, పైవి వినపడవు. అందుకని ఎదురుగా నన్ను పెట్టుకున్నారు. రైతు రెప్ప స్థానంలో నా కనుబొమలు. ఆ వేసవంతా నేను ఆయన ముఖం చూసి అనుమానపడ్డాను, ఆయన నా ముఖం చూసి తీర్పు చెప్పారు. కీబోర్డు విన్నవాడు మాత్రం మాలో ఎవడూ లేడు. కర్రీ పాయింట్ ఆయన బావమరిదికి చెవులు బాగానే ఉన్నాయి.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ నేను కెమిస్ట్రీ వాణ్ణి. ఒక పరీక్ష చేస్తే దాన్ని సరిచూడటానికి ఇంకోటి చేయాలి. అన్నిటికంటే పై మెట్టు మీద వేలు ఆనించాను. నొక్కలేదు. ఊరికే ఆనించి, నోరారా నవ్వాను.

ఆయన ఒక క్షణం ఆగారు.

"బాగుంది" అన్నారు.

సూపర్‌వైజర్ నా వేలు చూశాడు, ఆయన్ని చూశాడు, మళ్లీ నన్ను చూశాడు. "కానీ సార్, మీరు నొక్క..." అని మొదలెట్టాడు. నేను అడ్డం పడ్డాను. "వద్దులెండి. పెద్దాయన పై మెట్లు పోయాయన్నారుగా. వెళ్లొస్తాం." వేసవంతా వెతికిన శబ్దాన్ని ఆ బల్ల మీద వదిలేసి, ఆయన్ని భుజం పట్టుకుని బయటికి నడిపించాను.

ఒంగోలు బస్సెక్కాం. ముందు రాళ్ల లారీ పోతోంది, దాని వెనక మా బస్సు పాకుతోంది. నేను కన్ను నలుపుకుంటుంటే ఆయన చూశారు.

"కంట్లో పడిందా?"

"అవునండీ. అక్కడే."

"పై మెట్టు నొక్కేటప్పుడా?"

నేను కన్ను నలపడం ఆపాను. ఆయన ముందు లారీ మీది రాయి వంక చూస్తూ అన్నారు. "అయితే అది పలికింది."

"పలికిందండీ."

"చక్కగానా?"

"చక్కగానే."

లారీ పక్కకి తప్పుకుంది. బస్సు వేగం అందుకుంది. "చివరిది మీరు నొక్కలా" అన్నారు.

"మీకు... ఎట్టా తెలిసింది?"

"చెవులు పోయినయ్ గానీ కళ్లు పోలేదు కదండీ. వేలు దిగలా."

"మరి బాగుందన్నారే?"

"మీరు అట్టా నవ్వుతుంటే, ఏం చేస్తానండీ" అన్నారాయన. "మనిషిని ఒక్కసారి నమ్మి చూద్దామనుకున్నా."

నేను చేసిన ప్రయోగాల్లో ఇంత స్పష్టమైన ఫలితం వచ్చింది ఇంకోటి లేదు. నేనెరిగినంతలో ఆ మనిషి నమ్మింది ఒక్కసారి. ఆ ఒక్కసారీ నేను మోసం చేస్తున్నాను.

బస్టాండ్‌లో దిగాక, "రేపు పోయి తెచ్చుకోండి, అది మంచిదే" అన్నారు. నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చారు. "ఆదివారం మా సొంతూళ్లో చర్చికి కీబోర్డు చూడాల. కూలికిపోయే ఆడోళ్లు వారం వారం గుప్పెడు బియ్యం తీసి, అమ్మి కూడబెట్టిన డబ్బండీ. నన్ను రమ్మన్నారు." కాస్త ఆగి, "నా చెవుల సంగతి ఎవురికీ చెప్పబాకండి. నా మాట కూడా పోతే ఇంట్లో కూర్చోవడమే" అన్నారు.

మర్నాడు వెళ్లి సింథసైజర్ తెచ్చుకున్నాను. సూపర్‌వైజర్ నేను డబ్బు ఇస్తున్నా నమ్మలేదు, ప్రతి నోటూ వెలుతురుకి పట్టి చూశాడు. నేను ఏమీ అనుకోలేదు. కానీ తెచ్చానన్న మాటే గానీ వారమంతా దాన్ని ముట్టలేదు. ఆదివారం గురించే ఆలోచన. ఎప్పట్లాగే ఎదురుగా నిలబెట్టి నా ముఖం చూస్తారు. ఇప్పుడు నా ముఖం నాకే నమ్మకంగా లేదు. నవ్వితే అతి, నవ్వకపోతే వద్దంటారు. అక్కడ ఉన్నది కర్రీ పాయింట్ కాదు, గుప్పెడు గుప్పెడు బియ్యం. పాడైంది అంటగడితే ఆయన మాట ఆ పల్లెలో ఆ రోజుతో సరి. ఆయన్ని వెళ్లొద్దందామనుకున్నాను. వెళ్లకపోతే ఎందుకని ఊళ్లోవాళ్లు అడుగుతారు.

పర్చూరు పక్క పల్లె. ఆరాధన అయ్యాక చాపలు చుట్టకుండా అందరూ కూర్చున్నారు. బల్ల మీద అరవై ఒక్క మెట్ల కీబోర్డు, పక్కన దాన్ని అమ్మకానికి తెచ్చిన ఏజెంటు. పాస్టరు అయ్యగారు నమస్కారం పెట్టి ఆయనకు కుర్చీ వేయించారు. ఆయన కూర్చోలేదు. కుర్చీని రెండు చేతులా ఎత్తి, గిర్రున తిప్పి, గోడకి ఎదురుగా పెట్టుకుని అప్పుడు కూర్చున్నారు. కీబోర్డుకి, నాకు, సంఘానికి వీపు పెట్టి.

"అదేందండీ, అటు కూర్చున్నారు?" అన్నారు అయ్యగారు.

"మొహాలు చూస్తా ఉంటే సరిగ్గా వినబుద్ధి కాదండీ. మాస్టారు నొక్కుతారు, మాస్టారే చెప్తారు." గోడకే చెప్పారు.

నాకు కనపడేదల్లా ఆయన మెడ వెనక ముడతలు, కాలరు అంచున చిరుగు. ఏ మాటా చెప్పని మెడ. ఆడవాళ్లు కొంగులు సర్దుకుని నన్నే చూస్తున్నారు. ఏజెంటు నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూడటం మానేసి, కళ్లు మూసుకుని, అడుగు మెట్టు నుంచి మొదలెట్టాను. ఒక్కో మెట్టు నొక్కి, అది పూర్తిగా ఆరిపోయేదాకా ఆగి, ఇంకోటి. పిల్లాడెవరో ఆవులించాడు. ముప్పై దాటాయి, యాభై దాటాయి. పైనుంచి మూడోదాని దగ్గర ఆగాను. వెనక్కి వెళ్లి మళ్లీ నొక్కాను. వేలు దిగిన రవ్వంత తర్వాత పలుకుతోంది. ఇంకోసారి నొక్కాను. అంతే. చివరి రెండూ శుభ్రంగా ఉన్నాయి.

కళ్లు తెరిచి, ఏ ముఖం పెట్టాలో ఎవరినీ అడక్కుండా చెప్పాను. "పైనుంచి మూడోది లేటుగా పలుకుతోందండీ. అది బాగుచేయించి ఇస్తే, మిగతాదంతా బాగుంది. తీసుకోవచ్చు."

ఏజెంటు నవ్వు ఆగింది. "అది... కాంటాక్టు శుభ్రం చేసిస్తానండీ" అన్నాడు.

అయ్యగారు మాత్రం నన్ను దాటి గోడ వైపు చూశారు. సంఘమంతా అటే చూసింది. "మీరేమంటారండీ?" అని అడిగారు.

ఆయన వెనక్కి తిరగలేదు. తుండుగుడ్డ భుజం మీద సర్దుకున్నారు.

"ఆ మూడోది నేను ఎప్పుడో పట్టేశా" అన్నారు. "మాస్టారు పట్టుకుంటారా లేదా అని చూస్తన్నా."